దొంగ నీలి వ్యవసాయం

పట్టుమని పిడికెడు గింజలు. ఆ పిడికెడు గింజలతోనే ఒక పెద్దావిడకి విషం పెట్టాను, ఇంకొకావిడ తల్లి జ్ఞాపకాన్ని మట్టిలో కలిపాను, సింగపూర్‌లో నా ఉద్యోగానికి నా చేతులతో నేనే గొయ్యి తవ్వుకున్నాను. ఇంత పని చేసినవాడు ఎవడో కరడుగట్టిన దుర్మార్గుడు అనుకునేరు. కాదండీ. చీమని తొక్కితే దానికి క్షమాపణ చెప్పే రకాన్ని. కాకపోతే ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది. ఎవరేది అడిగినా ‘తెలుసు’ అనేవాణ్ణి. తర్వాత తెలుసుకోవచ్చులే అని ధీమా.

కొత్త శతాబ్దం ముంచుకొస్తున్న రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ పిచ్చెక్కి, బ్యాంకుల్లో డబ్బు గాల్లో కలిసిపోతుందని లోకమంతా వణుకుతుండేది. ఆ వణుకు మీదే మాలాంటివాళ్ళం బతికేవాళ్ళం. కడప జిల్లా నుంచి ఒక కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్టు పట్టుకుని విమానం దిగిన ఓబులేసుని నేను. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం. ఏదో బ్యాంకు తాలూకు పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా వెతికి నాలుగంకెలు చెయ్యడం నా పని. వరిచేలో కలుపు తీసినట్టుండేది. అయితే కలుపంతా తీసేశాక కూలీలతో పనేముంది? కొందరిని కొత్త ప్రాజెక్టులోకి తీసుకుంటారనీ, మిగతావాళ్ళు పెట్టె సర్దుకోవాల్సిందేననీ ఆఫీసులో గుసగుసలు. ఎవరుండాలో ఎవరు పోవాలో తేల్చేది మా మేనేజరు డగ్లస్.

డగ్లస్ అమెరికావాడు. మంచు కురిసే ఊరివాడు. ఆయన నవ్వితే మేమందరం నవ్వేవాళ్ళం, ఆయన దగ్గితే నలుగురం నాలుగు గ్లాసుల నీళ్ళతో పరిగెత్తేవాళ్ళం. నా పేరు పలకలేక నన్ను ‘ఓబీ’ అనేవాడు. పెట్టిన పేరు అదేనన్నట్టు పలికేవాణ్ణి.

ఒక ఆదివారం టీమ్ అందరినీ భోజనానికి పిలిచాడు. బిషాన్ అవతల, చుట్టూ తోట ఉన్న అద్దె ఇల్లు. మిగతావాళ్ళంతా డగ్లస్ చుట్టూ ఈగల్లా మూగి ఉంటే, నేను మాత్రం తెలివిగా ఆయన భార్య మార్గరెట్ దగ్గర చేరాను. ఇంటావిడ మంచి మాట చెబితే ఏ మేనేజరైనా కాదనగలడా అని నా లెక్క. ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. గడ్డి అంచు వెంబడి గోడ దాకా పొడుగ్గా ఒక పూలమడి. దాన్ని ‘బోర్డర్’ అంటారట. ముందు వరసలో పొట్టి మొక్కలు, వెనక పొడుగువి. మధ్యలో మాత్రం బోసిగా ఖాళీ నేల.

“ఇక్కడ ఏముండాలో తెలుసా?” అంది మార్గరెట్. “ఫాల్స్ ఇండిగో.”

‘ఫాల్స్’ నా చెవిన పడలేదు. ‘ఇండిగో’ పడింది.

“మాది ఇండిగో ఊరే మేడమ్! మా తాతలు పండించింది అదే!”

మీ దగ్గర దాపరికమెందుకు. మా ఊరి బయట ఎప్పుడో దొరల కాలం నాటి నీలిమందు తొట్లు కూలిపోయి ఉండేవి. మేం వాటిలో గోలీలాడేవాళ్ళం. నీలిమందుతో మా వంశానికున్న సంబంధం అంతే. మా తాత పండించింది జొన్నలు. అది కూడా వాన పడితే.

“నిజంగానా!” మార్గరెట్ ముఖం వెలిగిపోయింది. “కానీ ఇది అసలు ఇండిగో కాదు. దానికి దూరపు చుట్టం అనుకో.”

“దొంగ నీలి! తెలుసు మేడమ్. దాన్నీ పండించాం.”

ఆవిడ ఆ ఖాళీ నేల వైపు చూస్తూ చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మ ఇంటి ముందు ఇలాంటి మడిలోనే ఆ మొక్క నాటిందట, మార్గరెట్ పుట్టకముందే. ఒకసారి నాటితే తరాలపాటు ఉండిపోయే జాతి. వేరు పాతాళం దాకా పోతుంది, అందుకే కదిపితే ఊరుకోదు. మంచు పడగానే పైనంతా చచ్చినట్టయిపోతుంది, ఎండలు రాగానే నేలలోంచి మళ్ళీ లేచి నీలం పూలు పూస్తుంది. పూలు రాలాక కాయలు నల్లగా ఎండి, ఊపితే గలగలమంటాయట.

“చిన్నప్పుడు అవే నా గిలక్కాయలు,” అంది. “అమ్మ పోయిన ఏడాది చనిపోయింది. ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్ళు ఆ మడి మొత్తం తవ్వి కార్లు పెట్టుకుంటున్నారు. అంతకుముందే నేను గింజలు కోసుకున్నాను. ఇక్కడ వేస్తే మొలవదేమోనని భయం. పాడు చెయ్యలేక అలాగే దాచుకున్నాను.”

ఇక్కడ బుద్ధున్నవాడెవడైనా “అయ్యో పాపం” అని నోరు మూసుకుంటాడు. నేనేమన్నానో ఊహించారా?

“నాకివ్వండి మేడమ్. నేను మొలిపిస్తాను.”

ఆవిడ లోపలికి వెళ్ళి గింజలు తెచ్చి, కోడిపిల్లని అప్పగించినంత జాగ్రత్తగా నా దోసిట్లో పోసింది. “గరుకు కాగితంతో కొంచెం రుద్దాలి, తొక్క చాలా గట్టిది. తర్వాత తడిగుడ్డలో చుట్టి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. చలికాలం గడిచిందని గింజ నమ్మాలి. ఇంకో మాట, ఎవరూ తినకుండా చూడు. అందులో విషముంటుంది.”

“తెలుసు మేడమ్.”

అంతలో డగ్లస్ వచ్చాడు. విషయం విని, “పూత రావడానికి మూడేళ్ళు పడుతుంది కదూ?” అన్నాడు భార్యతో. అని నా భుజం మీద చెయ్యి వేశాడు. “అయితే ఓబీని మూడేళ్ళు ఇక్కడే ఉంచాలన్నమాట.”

తిరుగు రైల్లో నా కాళ్ళు నేల మీద లేవు. జేబులో గింజలు కాదు, మూడేళ్ళ ఉద్యోగం ఉంది.

నేను టోవా పాయోలో కాంతం ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. ఆంటీ నాన్నగారి కాలంలోనే వాళ్ళు సింగపూర్ వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ తెలుగులో సగం తమిళం, పైన చిటికెడు మలయ్. పిల్లలు పెళ్ళిళ్ళయి వేరే ఉంటున్నారు. నన్ను ‘తంబీ’ అంటూ, గుమ్మంలో అడుగు పెట్టగానే “మకాన్ అయిందా?” అని, అంటే తిండి తిన్నావా అని, అడిగేది. అయిందన్నా కాలేదన్నా పెట్టేది. ఆవిడకి సుగరు. రోజూ పొద్దున్నే ఒక చెంచా నానబెట్టిన మెంతులు, చేదని నమలకుండా, మాత్రల్లా మజ్జిగతో మింగేది. వారానికి సరిపడా మెంతులు నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచేది.

మీకు అప్పుడే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు.

“ఆంటీ, ఇవి నా గింజలు. మా మేనేజరు గారివి. ముట్టుకోవద్దు,” అని చెప్పి నేనూ ఒక ఐస్‌క్రీం డబ్బా అడిగాను. ఆవిడ ఇచ్చింది. అదే రకం, అదే మూత. తడిగుడ్డ కూడా ఆవిడ చించి ఇచ్చిన పాత చీర ముక్కే. గరుకు కాగితంతో రుద్దమన్నారు గదా, ఆ పని రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని బద్ధకించి అసలు చెయ్యనే లేదు. ఎడమ పక్క నా డబ్బా, కుడి పక్క ఆంటీది. పేరు రాసి అంటించొచ్చు కదా అంటారా? వేలకొద్దీ ప్రోగ్రాముల్లో ఏ అంకె ఎక్కడుందో గుర్తుపెట్టుకునేవాణ్ణి, రెండు డబ్బాలకి పేర్లెందుకు?

కొన్ని వారాలయ్యాక ఒక శనివారం పొద్దున ఫ్రిజ్ తీసి, ఎడమ డబ్బా అందుకుని, గుడ్డ విప్పాను. గింజలు ఉబ్బి, తెల్లటి తోకలు వేసుకుని ఉన్నాయి. ఫ్రిజ్‌లోనే మొలకలొచ్చేశాయి! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాసన రాలేదా అని అడగకండి. ఏసీ ఆఫీసు పుణ్యమా అని అప్పట్లో నాకు ఏడాది పొడుగునా జలుబే. మా ఆంటీ ముందురోజు శుక్రవారమని ఫ్రిజ్ మొత్తం కడిగి, డబ్బాలు అటుది ఇటు, ఇటుది అటు సర్దిందన్న సంగతి నాకు తెలియదు.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. పక్కన కూర్చున్నాయన నా వైపు జరిగినప్పుడల్లా డబ్బా గుండెకి హత్తుకున్నాను. మార్గరెట్ ఇంట్లో, ఆవిడ చూస్తుండగా, మోకాళ్ళ మీద కూర్చుని, మా తాతలు నేర్పినట్టే వేళ్ళతో చాళ్ళు తీసి విత్తాను. మధ్యలో ఒకసారి మట్టి వాసన చూసి తలాడించాను. ఎందుకాడించానో నాకే తెలియదు. సినిమాల్లో రైతులు అలాగే చేస్తారు.

వారం తిరక్కుండానే డగ్లస్ నా టేబులు దగ్గరికి వచ్చాడు. మా టీమ్ మొత్తం కీబోర్డుల మీద చేతులాపేసింది.

“ఓబీ! మొలిచాయి! మడి నిండా! మార్గరెట్ పొద్దున్నే నన్ను నిద్ర లేపి మరీ చూపించింది. మూడేసి ఆకులు, అచ్చం వాళ్ళమ్మగారి మొక్కలాగే. ఇంత త్వరగా ఎలా?”

“ఈ ఊరి వేడి సార్,” అన్నాను వినయంగా. “కొంత హస్తవాసి కూడా ఉంటుంది లెండి.”

ఆ రోజునుంచి ఆఫీసులో నా నడక మారిపోయింది. లిఫ్టులో కూడా మధ్యలో నిలబడేవాణ్ణి. కొత్త ప్రాజెక్టులో ఎవరుంటారో వచ్చే ఆదివారం వాళ్ళింట్లో భోజనాల దగ్గర చెబుతాననీ, ఆ రోజే అందరికీ ఆ మడి చూపిస్తామనీ డగ్లస్ ప్రకటించాడు. నేను అప్పుడే మనసులో ఇంటికి ఫోన్ చేసి శుభవార్త చెప్పేసుకున్నాను.

మర్నాడు పొద్దున కాంతం ఆంటీ మజ్జిగ గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

“తంబీ, సెరంగూన్ రోడ్డులో ఆ కొట్టువాడు మోసం చేసేశాడప్పా.”

“ఏమైంది ఆంటీ?”

“ఈ మెంతులు నానడమే లేదు. రాయి మాదిరి ఉన్నాయి. ఎప్పుడూ మొలకలొస్తాయి, ఈసారి ఎన్నాళ్ళయినా అట్లే ఉన్నాయి. ఒకటి కొరికి చూద్దామంటే పన్ను ఊడేటట్టుంది. చేదు కూడా లేదు. అయినా మింగుతానే ఉన్నా, మందు కదా.”

నా చేతిలో ఇడ్లీ ముక్క చట్నీలో పడిపోయింది. లేచి ఫ్రిజ్ తీశాను. కుడి పక్క డబ్బా మూత తీశాను. గుడ్డ విప్పాను. అడుగున నాలుగు గింజలు మిగిలి ఉన్నాయి. బుజ్జి బుజ్జి మూత్రపిండాల్లా, గట్టిగా, నిక్షేపంగా.

అప్పుడు నా బుర్రలో ఒకదాని వెంట ఒకటి దీపాలు వెలిగాయి. మొదటిది: మార్గరెట్ మడిలో మొలిచింది మెంతికూర. రెండోది: మార్గరెట్ తల్లి తోటలోని ఆఖరి గింజలు కాంతం ఆంటీ కడుపులో ఉన్నాయి. మూడోది మార్గరెట్ చెప్పిన మాట: ‘ఎవరూ తినకుండా చూడు. అందులో విషముంటుంది.’

“ఆంటీ!” అని అరిచాను.

“ఐయో, ఏందప్పా, బల్లి పడిందా?”

“కాదు కాదు. ఆంటీ, మీకు… మీకు ఒంట్లో ఎట్లుంది? కళ్ళు తిరుగుతాండాయా?”

“పదేళ్ళుగా తిరుగుతానే ఉన్నాయి.”

“కడుపులో నొప్పి?”

“నీ ముఖం చూస్తుంటే వచ్చేటట్టుంది. ఏమైంది నీకు?”

నిజం చెబితే భయంతో ఆవిడకి ఇంకేమన్నా అవుతుందేమో. చెప్పకపోతే విషంతో అవుతుంది. ఆవిడ గాజుల చేతిని పట్టుకుని నాడి చూశాను. నాడి ఎక్కడుంటుందో నాకు తెలియదు. గాజులే దొరికాయి. ఇక లాభం లేదని కడుపు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను.

“ఆంటీ, నాకే బాగలేదు. డాక్టరు దగ్గరికి పోవాల. ఒక్కణ్ణి పోలేను. మీరు తోడు రండి.”

పాపం, పరుగున చెప్పులేసుకుంది. మా బ్లాకు కిందే ఒక చిన్న క్లినిక్. దారి పొడుగునా నేను ఆవిడని పట్టుకుని నడిపిస్తుంటే, ఆవిడ నన్ను పట్టుకుని నడిపిస్తోంది. ఎదురొచ్చినవాళ్ళకి మా ఇద్దరిలో రోగి ఎవరో తెలియలేదు. లోపల పెద్ద వయసు చైనీస్ డాక్టరు. ఆంటీని బయట కూర్చోబెట్టి, నేను ఒక్కణ్ణే లోపలికి దూరి తలుపు వేశాను.

“డాక్టర్, నేనొకరికి విషం పెట్టాను.”

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. తలుపు వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. నేను గబగబా జరిగినదంతా చెప్పి, జేబులోంచి మిగిలిన గింజలు తీసి ఆయన ముందు పోశాను.

“తిండి పక్కన విషం ఎందుకు పెట్టావ్?”

“ఫ్రిజ్ ఒక్కటే ఉంది డాక్టర్.”

“రుద్దావా వీటిని? తొక్క పోయేలా?”

“లేదు. బద్ధకం.”

“మంచిది లా,” అన్నాడు సింగపూర్ యాసలో. “జీవితంలో నీ బద్ధకం ఒక్కసారి పనికొచ్చింది. ఆవిడని రమ్మను.”

ఆంటీ లోపలికి రాగానే డాక్టరు ఆవిడ నాలుక చూశాడు, కడుపు నొక్కాడు, బీపీ చూశాడు, వేలు గుచ్చి సుగరు చూశాడు. ఆవిడకేమో అర్థం కాలేదు. “కడుపు నొప్పి వాడికి డాక్టర్, నాకు కాదు,” అంటూనే ఉంది. చివరికి డాక్టరే చెప్పేశాడు.

“ఆంటీ, నువ్వు మింగింది మెంతులు కాదు. పూలమొక్క గింజలు. విషపువి. కానీ నమల్లేదు, తొక్క ఊడలేదు, కొంచెం కొంచెమే మింగావు. లోపలికెలా పోయాయో అలాగే బయటికొచ్చేసి ఉంటాయి. నీకేమీ కాలేదు. వాంతులైతే మాత్రం వెంటనే ఆసుపత్రికి పో.”

ఆంటీ నా వైపు తిరిగింది. ఆ చూపుకి నేను గోడకి అతుక్కుపోయాను.

“సుగరు?” అంది డాక్టరుతో.

“ఎప్పుడూ ఉన్నంతే ఉంది. మెంతులు తిన్నా అంతే, తినకపోయినా అంతే.”

ఆ మాటతో ఆవిడ ముఖం మాడిపోయింది. విషం తిన్నదానికంటే ఆ మాటే ఎక్కువ బాధపెట్టిందనుకుంటా. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు అడిగింది:

“అయితే నా మెంతులేవి?”

“మా మేనేజరు గారి తోటలో ఉన్నాయి ఆంటీ. మొలిచినాయి. బాగా వచ్చినాయంట.”

“ఆ అమ్మకి చెప్పావా?”

“లేదు. ఎట్ల చెప్పాల? వాళ్ళమ్మ గింజలు. ఆ ఇల్లు లేదు, ఆ చెట్టు లేదు. ‘మీ అమ్మ జ్ఞాపకాన్ని మా ఆంటీ మజ్జిగతో మింగేసింది’ అని చెప్పాల్నా?”

ఆవిడ నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది. “ఆదివారం నేనూ వస్తా. నువ్వు చెప్పాల్సిందే. చెప్పకపోతే నేను చెబుతా.”

ఆ వారమంతా నాకు తిండి సహించలేదు. డగ్లస్ కనబడినప్పుడల్లా ‘ఇప్పుడు చెబుతా’ అని లేచేవాణ్ణి. “ఏమిటి ఓబీ?” అనేవాడు. “ప్రింటర్‌లో కాగితాలు అయిపోయాయి సార్,” అనేవాణ్ణి. వారంలో ఎన్నిసార్లు అన్నానో, ఆయన చివరికి నా టేబుల్ పక్కన ఒక కాగితాల పెట్టె పెట్టించాడు. మార్గరెట్ ఫోన్ చేసి, “ఓబీ, నీకొక సంగతి చెప్పనా? నేను రోజూ పొద్దున కాఫీ కప్పుతో ఆ మడి దగ్గరే నిలబడుతున్నాను,” అన్నప్పుడైతే ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆ కాఫీ కప్పు ఎక్కువ కలుక్కుమనిపించింది.

ఆదివారం వచ్చింది. ఆంటీ పట్టుచీర కట్టింది. నేను ఉరికంబం ఎక్కేవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను.

భోజనాలకి ముందే మార్గరెట్ అందరినీ మడి దగ్గరికి తీసుకెళ్ళింది. చూద్దును కదా, మధ్యలో బోసిగా ఉన్న నేల కనబడకుండా లేతాకుపచ్చ తివాచీ పరిచినట్టు మెంతికూర. నిజం చెప్పొద్దూ, భయంలో కూడా ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. మా టీమ్ వాళ్ళలో ఒక్కడూ గుర్తుపట్టలేదు. అందరికీ మెంతికూర కంచంలోనే పరిచయం.

మార్గరెట్ గొంతు సవరించుకుంది. “మీకొక విచిత్రం చెప్పాలి. మా ఊళ్ళో మేపుల్ చెట్ల రసంతో పాకం కాస్తారు. మా అమ్మ రోజూ పొద్దున అట్ల మీద పోసేది. ఈ మొక్కల దగ్గర నిలబడితే అదే వాసన వస్తోంది. అమ్మ చెట్టుకి ఆ వాసన ఎప్పుడూ లేదు. అమ్మే వచ్చి నిలబడినట్టు…” కళ్ళు తుడుచుకుంది.

నోరు తెరిచాను. “మేడమ్, ప్రింటర్‌లో…” అనబోయి ఆపుకున్నాను.

అంతలో నా పక్కనుంచి ఒక గొంతు ఖంగుమని మోగింది.

“ఐయో తంబీ, ముదిరిపోతా ఉంది! పూత వస్తే ఇంక చేదే! ఇప్పుడే కొయ్యాల!”

నేను పట్టుకునేలోపల కాంతం ఆంటీ పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపి, మడిలో గొంతుకూర్చుని, రెండు చేతులతో కూర తెంపి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. మా టీమ్ రాయిలా నిలబడిపోయింది. డగ్లస్ చేతిలో గ్లాసు వంగి జూసు బూటు మీద కారుతోంది.

“ఏం చేస్తున్నారు ఆవిడ?” అంది మార్గరెట్.

ఇక చెప్పక తప్పలేదు. ఎలా చెప్పానో నాకే తెలియదు. ఫ్రిజ్, డబ్బాలు, శుక్రవారం, జలుబు, సుగరు, అన్నీ తిరగేసి బోర్లేసి చెప్పాను. మా తాత పండించింది జొన్నలనీ, నీలిమందు తొట్టిలో గోలీలు తప్ప నేనేమీ చూడలేదనీ కూడా చెప్పేశాను. చెప్పడం మొదలయ్యాక ఆగలేదు. “ఇది మెంతికూర మేడమ్. పప్పులో వేసుకుంటాం.”

మార్గరెట్ మడి వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది.

“మరి మా అమ్మ గింజలు?”

నేను తలొంచుకుని చేత్తో ఆంటీని చూపించాను. ఆంటీ కొంగు నిండా కూరతో లేచి నిలబడి, తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

“ఇక్కడమ్మా,” అంది, వచ్చీరాని ఇంగ్లీషులో. “కానీ డాక్టర్ చెప్పాడు, వెళ్ళిపోయాయి అని.”

మార్గరెట్ ముఖం ఎర్రబడింది. పెదవులు అదిరాయి. ఏడుస్తోందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ గడ్డి మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వుతోంది. కాసేపు ఏడ్చింది కూడా. ఆంటీ వెళ్ళి పక్కన కూర్చుని వీపు నిమిరింది. “నువ్వు ఏడవొద్దమ్మా, నేను కూడా అమ్మనే కదా,” అంది. ఏ భాషలో అందో గాని మార్గరెట్‌కి అర్థమైంది.

కాస్త తేరుకున్నాక మార్గరెట్ నా వైపు చూసింది. “ఓబీ, ఎంత తెలిసినవాడికైనా అమ్మ గింజలన్నీ ఇచ్చేస్తానా? సగం సొరుగులోనే ఉన్నాయి. మా ఊరికి తిరిగి వెళ్ళాక, మంచు పడే చోట, నేనే వేసుకుంటాను.”

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను, మెంతికూరలో.

“బంగాళాదుంపలున్నాయా ఇంట్లో?” అంది ఆంటీ.

ఉన్నాయి. ఆ రోజు మార్గరెట్ వంటింట్లో కాంతం ఆంటీ మెంతికూర బంగాళాదుంప వేపుడు చేసింది. మార్గరెట్ కూర వలిచింది, ఆకు నలిపి వాసన చూస్తూ, మధ్యమధ్యలో కళ్ళు తుడుచుకుంటూ, మధ్యమధ్యలో నవ్వుతూ. డగ్లస్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. నేను మాత్రం ఒక మూల నిలబడి, పెట్టె ఎప్పుడు సర్దుకోవాలో ఆలోచిస్తున్నాను.

భోజనాలయ్యాక డగ్లస్ కొత్త ప్రాజెక్టులో ఎవరుంటారో చెప్పాడు. పేర్లన్నీ చదివాడు. నా పేరు లేదు. అనుకున్నదే. చెప్పుల కోసం గుమ్మం వైపు నడిచాను.

“ఓబీ, ఎక్కడికి? నీ పేరు వాళ్ళలో ఎందుకుంటుంది? నువ్వు వాళ్ళకి మేనేజరువి.”

నా చెవుల్ని నేను నమ్మలేదు. “నేనా సార్? ఎందుకు?”

డగ్లస్ చెయ్యి తుడుచుకుంటూ, చాలా గంభీరంగా చెప్పాడు. “తెలియని పని తెలుసని చెప్పి నెత్తికెత్తుకున్నావు. అడిగింది ఒకటైతే ఇంకొకటి ఇచ్చావు. గడువుకంటే మూడేళ్ళు ముందే ఇచ్చావు. మధ్యలో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అయినా చివరికి క్లయింట్ సంతోషంగా భోంచేసింది. ఇరవై ఏళ్ళుగా ఈ రంగంలో ఉన్నాను, ఇంతకంటే బాగా ప్రాజెక్టు నడిపినవాణ్ణి చూడలేదు.”

ఆ సాయంత్రం టోవా పాయో చేరాక శుభ్రంగా స్నానం చేసి, తూర్పు వైపు తిరిగి, కాంతం ఆంటీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట నాకు తెలియని దాన్ని తెలుసని చచ్చినా అననని. ఆ ప్రమాణాన్ని నేటి వరకూ అక్షరం పొల్లుపోకుండా నిలబెట్టుకుంటూ వస్తున్నాను.

ఆఫీసు వేళల్లో తప్ప. మేనేజరు ఉద్యోగం మరి, అక్కడ కుదరదు.